రాని యుద్ధమునకు పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను భారతములోని ఏదో యొక ఘట్టమును విప్పి చెప్పుదునని మీరందఱు అనుకొని యుందురు. నేనును మొదట అట్లే అనుకొంటిని. నా చదువంతయు ఈ గ్రంథాలయపు తూర్పు బీరువాలోని పుస్తకముల చదువే. నాకు గురువు లేడు. శబ్దరత్నాకరమే గురువు, కిరసనాయిలు దీపమునాటి పాత అలవాటు చొప్పున రాత్రివేళయే బడి. వంశపారంపర్యపు కరణీకములు 1984లో రద్దైనవి గనుక నేను కరణమును కాను. సహకార సంఘములో పద్దులు వ్రాయువాడను. అయినను ఊరివారు మా తాతగారి పేరు మీదుగా నన్నును కరణంగారనియే పిలుచుచున్నారు. ఆ పిలుపే నన్నీ విషయములోనికి దింపినది.

కొంతకాలము క్రిందట ఒక ముసలమ్మ ఎరువుల బాకీ కట్టుటకు వచ్చి, రసీదు తీసికొని కూడ కదలక నిలుచున్నది. ఆమె కుమారుడు గల్ఫు దేశములో తాపీ పని చేయుచున్నాడు. టెలివిజనులో యుద్ధవార్తలు విని ఆమెకు నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. “కరణంగారూ, లెక్కలు తెలిసినోరు గదా, యుద్ధం వస్తదా రాదా సెప్పండి” అని అడిగినది. నేను ఏదో యొక ధైర్యవచనము చెప్పి పంపితిని. కాని ఆ రాత్రి నాకును నిద్ర రాలేదు. శిస్తునకు లెక్క యున్నది, వానకు లెక్క యున్నది. యుద్ధమునకు లెక్క కలదా? ఎవరైనను అట్టి లెక్క వేసినారా? వేసినచో ఆ లెక్క ఏమైనది? ఈ ప్రశ్నలు పట్టుకొని ఆరు నెలలు చదివితిని. ఇక్కడ లేని పుస్తకములు జిల్లా కేంద్రమునుండి తెప్పించి యిచ్చిన మన గ్రంథపాలకునకు నా నమస్కారములు. చదివినదానిలో నాకు తెలిసినంత మాత్రము ఈనాడు మీ ముందుంచుచున్నాను.

యుద్ధమును చదరంగపు బల్ల మీద ముందుగా ఆడి చూచుట మన దేశమునకు క్రొత్త కాదు. చతురంగ మనగా సేన యొక్క నాలుగంగములే గదా. మన చతురంగము పారశీకము మీదుగా ఐరోపాకు పోయి అక్కడి చదరంగమైనది. 1780లో జర్మను దేశమున హెల్విగ్ అను పండితుడు ఆ చదరంగమునే పెంచి, గళ్ళలో కొండలు, ఏరులు, మడుగులు చేర్చి యొక యుద్ధక్రీడను కల్పించెను. 1824లో ప్రష్యా సైన్యములోని రైస్విట్జ్ అను యువ అధికారి గళ్ళను తీసివేసి నిజమైన దేశపటమును పఱచెను. ఇరుపక్షములకు నడుమ ఒక మధ్యస్థుని నిలిపెను. అతని చేతికి పాచికలిచ్చెను.

ఆ పాచికలను గూర్చి ఒక్క మాట. మనకు పాచికలన్నంతనే సభాపర్వము జ్ఞప్తికి వచ్చును, ఒడలు జలదరించును. కాని రైస్విట్జ్ పాచికలు జూదమునకు గావు. సేనాపతి యెంత తెలివిగలవాడైనను గాలి, బురద, గుఱ్ఱపు కాలికి తగిలిన ముల్లు అతని చేతిలో నుండవు. ఆ చేతిలో లేనిదానికి ఒక పద్దు వేయవలయును. ఆ పద్దే పాచిక. చదరంగములో ఈ పద్దు లేదు. ఇరువురికిని బల్ల అంతయు కనబడుచుండును, అదృష్టమునకు చోటు లేదు. అందుచేతనే చదరంగములో గెలుచువారందఱు యుద్ధములో గెలువరు.

మన పెద్దలు మఱొక త్రోవను కూడ త్రొక్కినారు. కౌటిల్యుని అర్థశాస్త్రము 1905లో మైసూరు రాజ్యమున శామశాస్త్రిగారి చేతికి దొఱకి, 1909లో అచ్చైనది. అందులో రాజమండలమను ప్రకరణము చదివినప్పుడు నాకు అడంగలు చూచినట్లే తోచినది. పొరుగువాడు శత్రువు, పొరుగువాని పొరుగువాడు మిత్రుడు, నడుమ మధ్యముడు, దూరమున ఉదాసీనుడు; ఇట్లు పండ్రెండుగురు రాజులు. ఒక్కొక్కనికి అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము అని అయిదేసి అంగములు. రాజులు 12, అంగములు 60, మొత్తము 72 పద్దులు. ఒక్క రాజును విడదీసి చూడరాదు, మండలమునంతయు ఒక్కమాఱు చూడవలయునని ఆయన చెప్పినాడు. ఈనాటివారు వ్యవస్థా దృష్టి యనుచున్నది చాలవఱకు ఇదియే. అయితే నా అల్పబుద్ధికి ఆ 72 గళ్ళలో ఒక గడి కొఱవడినట్లు తోచుచున్నది. నేను నా రక్షణకై చేసికొను పని పొరుగువాని గుండెలో ఎంత భయము పుట్టించును, ఆ భయము మరల నా మీదికి ఏ రూపమున తిరిగి వచ్చును అను గడి యది. ఆ గడిని గీచినవాడు ఒక ఆంగ్లేయుడు. నేడు నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆయనను గూర్చియే.

ఆయన పేరు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. 1881లో ఇంగ్లండున న్యూకాసిల్ పట్టణములో క్వేకరు మతస్థుల యింట పుట్టెను. క్వేకర్లు ఆయుధము పట్టరు. ఆయన వాతావరణ శాఖలో ఉద్యోగి. మొదటి ప్రపంచ సంగ్రామము నడుచుచుండగా 1916లో ఆ ఉద్యోగము వదలి, ఫ్రెంచి సేన వెంట క్షతగాత్రులను మోయు బండి నడుపుటకు పోయెను. పగలు రక్తసిక్తులైనవారిని మోయుట, విరామ సమయమున చలిలో ఎండుగడ్డి మీద కూర్చుండి వాతావరణమునకు లెక్కలు గట్టుట, ఇది ఆయన దినచర్య. ఎట్టి లెక్క? ఆకాశమును గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో గాలి యొత్తిడి, వేగము, తేమ, వేడిమి వ్రాసికొని, ఒక గడిలోని మార్పు ప్రక్క గడిని ఎట్లు మార్చునో సూత్రముల ననుసరించి గుణించుచు పోయినచో, ఆఱు గంటల తరువాత ఆకాశ మెట్లుండునో ముందే తెలియవలెను గదా యని ఆయన ఊహ. 1910 మే 20వ తేదీ ఉదయపు కొలతలు తీసికొని లెక్క కట్టెను. ఆఱు గంటల కాలమునకు లెక్క వేయుటకు వారముల తరబడి పట్టినది. నడుమ ఒక పోరులో ఆ వ్రాతప్రతి పోయి, కొన్ని నెలల తరువాత బెల్జియములో బొగ్గుల కుప్ప క్రింద దొఱకినది.

లెక్క ఫలిత మేమి? ఆఱు గంటలలో గాలి యొత్తిడి 145 మిల్లీబారులు పెరుగునని వచ్చినది. అది ఏ తుపానులోను కని విని యెఱుగని మార్పు. వాస్తవమునకు ఆనాడు ఒత్తిడి ఇంచుమించు కదలనే లేదు. అనగా లెక్క పూర్తిగా తప్పినది.

ఇక్కడ ఆయన చేసిన పనిని గమనింపుడు. 1922లో తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించుచు, ఈ తప్పిన లెక్కను దాచక, మొదటి గడినుండి చివరి గడి వఱకు అచ్చు వేయించెను. తప్పును కనుగొనదలచినవారికి దారి మూయలేదు. మొదట తీసికొన్న గాలి కొలతలకును ఒత్తిడి కొలతలకును సమతౌల్యము లేకపోవుటయే తప్పునకు కారణమని తరువాతివారు పట్టుకొనినారు. 1950లో అమెరికాలో ఎనియాక్ అను కంప్యూటరుతో ఆయన త్రోవనే తొలి వాతావరణ సూచనలు వెలువడినవి. ఆయన అప్పటికి జీవించియే యుండి, ఆ వార్త వినెను. ఈనాడు తుపాను ఎక్కడ తీరము దాటునో మూడు దినముల ముందే మనకు చెప్పుచున్నారన్నచో, ఆ విద్యకు మూలము ఆ ఎండుగడ్డి మీది తప్పిన లెక్కయే.

1920లో వాతావరణ శాఖ వైమానిక మంత్రిత్వ శాఖ క్రిందికి పోగా, సైన్యముతో సంబంధము గల కొలువు తనకు వలదని ఆయన మరల రాజీనామా యిచ్చెను. గాలిని లెక్కించిన పద్ధతిననుసరించి పగను లెక్కింపవచ్చునా అను ఆలోచన అంతకుముందే ఆయన మనస్సులో పడినది. 1919లోనే యుద్ధ మనస్తత్వమును గూర్చి గణిత రూపమున ఒక చిన్న పుస్తకము సొంత డబ్బుతో అచ్చొత్తించెను. స్కాట్లండులో ఒక కళాశాలకు అధ్యక్షుడై, 1940లో ముందుగానే పదవి విరమించి, తక్కిన జీవితమంతయు దీనికే ధారపోసి 1953లో కన్నుమూసెను. ఆయన రెండు పెద్ద గ్రంథములు మరణానంతరము 1960లో వెలువడినవి.

ఆయుధముల పోటీని గూర్చి ఆయన వ్రాసిన సూత్రమును మన బోరుబావుల భాషలో చెప్పెదను. ఒకే గట్టునకు అటునిటు ఇద్దఱు రైతులున్నారు. ఒకడు 200 అడుగులు బోరు వేసెను. రెండవవానికి భయము పట్టెను. 300 అడుగులు వేసెను. మొదటివాని బోరు ఎండెను. అతడు 400 అడుగులకు పోయెను. ఇద్దఱిలో ఎవ్వడును దుర్మార్గుడు కాడు. ఒక్కొక్కనిని విడిగా అడిగిన, “నా పైరు కాపాడుకొనుటకే” యనును. అది నిజమే. పెంచునది భయము, అది ఎదుటివాని బోరు లోతును బట్టి యుండును. తగ్గించునది అప్పు, అది తన బోరు లోతును బట్టి యుండును. మూడవది ఎప్పటిదో గట్టు తగాదా; అది దేనిని బట్టియు ఉండదు, ఊరక యుండును. రిచర్డ్‌సన్ సూత్రములో ఉన్నవి ఈ మూడే: భయము, బరువు, పగ.

ఇప్పుడు లెక్క చూడుడు. ఇరువురి ఖర్చును 100 రూపాయలతో మొదలైనదనుకొందము. ఎదుటివాని 100ని చూచి భయముచే 30 పెంచును, తన 100 బరువుచే 20 తగ్గించును. మఱుసటి యేట 110, తరువాత 121. ఎనిమిదేండ్లకు రెట్టింపు దాటును, ఆగుట యన్నది లేదు. అదే భయము 20, బరువు 30 అయినచో ఏటేట తగ్గి సున్న వైపునకు నడచును. కాని దానికి తోడు పాత పగ ఏటికి 5 రూపాయలు చేర్చుచున్నచో ఖర్చు 50 దగ్గఱ వచ్చి నిలుచును, అంతకు దిగదు. గుణించి చూచుకొనుడు. పగ తీరనిదే కత్తి పూర్తిగా ఒరలోనికి పోదని నేను పురాణములలో ఎన్నియో మాఱులు చదివితిని; అంకెలలో కనబడుట మాత్రము నాకు ఇదే మొదలు. మొదటి ప్రపంచ సంగ్రామమునకు ముందు 1909 నుండి 1913 వఱకు ఇరుకూటముల సైనిక వ్యయము సుమారు 20 కోట్ల పౌనులనుండి సుమారు 29 కోట్లకు ఎక్కినది. ఆ యెక్కుట ఈ సూత్రము గీచిన గీతకు చాల దగ్గఱగా నడచినదని ఆయన చూపెను. అన్ని పోటీలును ఇంత చక్కగా గీత మీద నడువవు. ఆ సంగతి ఆయనయే ఒప్పుకొనెను. ఆలోచింపక పోయినచో ఏమి జరుగునో ఈ సూత్రము చెప్పును గాని, జరిగియే తీరునని చెప్పదు.

రెండవ గ్రంథము నావంటి పద్దులవానికి మఱింత ప్రీతికరము. 1820 తరువాతి నూఱేండ్లకు పైబడిన కాలములో మనుష్యులు మనుష్యులను చంపిన పోరులన్నిటికిని ఆయన ఒక చిట్టా వ్రాసెను. యుద్ధము, తిరుగుబాటు, హత్య అను భేదము లేక అన్నిటికిని ప్రాణాంతక కలహములనియే పేరు పెట్టెను. చనిపోయినవారి సంఖ్యలో ఎన్ని సున్నలుండునో అదే దాని తరగతి. ఒక్కడు చచ్చిన హత్య సున్న తరగతి. వేయిమంది చచ్చినది మూడవ తరగతి. పదిలక్షలు ఆఱవ తరగతి. రెండు ప్రపంచ సంగ్రామములు మాత్రమే ఏడవ తరగతి. మొత్తము మృతులలో ఇంచుమించు అయిదింట మూడు వంతులు ఆ రెండింటిలోనే కలరు. చిట్టాలో ఎవరు ధర్మాత్ములు, ఎవరు దుర్మార్గులు అను గడి లేదు. ఏ యేట ఎన్ని యుద్ధములు మొదలైనవో కూర్చి చూడగా, పిడుగులు పడినట్లు ఏ వరుసయు లేక కనబడినవి. ఒకే భాష మాట్లాడువారిలో పోరులు తక్కువగా నుండునను ఆశకు తగిన ఆధారము దొఱకలేదు. సరిహద్దులు హెచ్చుగా గల రాజ్యమునకు యుద్ధములును హెచ్చు.

ఆ సరిహద్దుల పొడవు కొలువబోయి ఆయన ఒక వింత చూచెను. స్పెయిను, పోర్చుగలు దేశములకు నడుమనున్న సరిహద్దు ఒక్కటే గదా. ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, మఱొక లెక్కలో 1,214. ఎవ్వరును అబద్ధమాడలేదు. గొలుసు ఎంత చిన్నదైన, వంకరలు అన్ని పట్టుబడి పొడవు అంత పెరుగును. మా తాతగారు సర్వే గొలుసు మోయించినవారు. ఈ సంగతి విని యున్నచో ఎంత సంతోషించెడివారో! విషయము నుండి కొంత తొలగితిని, క్షమింపుడు.

రిచర్డ్‌సన్ త్రోవ అంకెల త్రోవ. మనుష్యులను కూర్చుండబెట్టి ఆడించు త్రోవయు దాని ప్రక్కనే పెరిగినది. ఆ చరిత్ర యంతయు చెప్పుటకు కాలము చాలదు; రెండు కథలు మాత్రము చెప్పెదను.

1942 మే మొదటి దినములలో జపాను నౌకాదళాధిపతులు యమాటో అను మహానౌక మీద సమావేశమై, మిడ్‌వే దీవిని పట్టుకొను పన్నాగమును బల్ల మీద ఆడి చూచిరి. శత్రు విమానములు జపాను విమానవాహక నౌకల మీద పడు ఘట్టము వచ్చినది. మధ్యస్థుడు పాచిక వేసెను. తొమ్మిది దెబ్బలు తగిలినట్లును, అకాగి, కాగా అను రెండు నౌకలు మునిగినట్లును తేలినది. క్రీడకు పెద్దయైన ఉగాకీ అను సేనాని, తొమ్మిది కాదు, మూడే యని దిద్దెను. అకాగి బ్రదికినది. కాగా మునిగినదని వ్రాసికొనినను, తరువాతి ఘట్టములో అదియు మరల నీటి మీద తేలి వచ్చినది. ఆ గదిలో నుండిన అధికారులే యుద్ధానంతరము ఈ సంగతి వ్రాసిరి. ఆ పిమ్మట నెల తిరిగిన కొలది దినములకే, 1942 జూన్ 4వ తేదీన, నిజమైన మిడ్‌వే దగ్గఱ అకాగి, కాగా, సోర్యు, హిర్యు అను నాలుగు నౌకలు దెబ్బతిని నాశనమైనవి. శకుని పాచికలు ఎదుటివారిని మోసగించినవి. ఈ పాచికలు వేయించినవానినే మోసగించినవి.

సభవారు నన్ను మన్నింపవలెను. ఈ కథ చదివిన రాత్రి నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. దాదాపు ఇరువదియైదేండ్ల క్రిందటి సంగతి. నాకు అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. ఒక చెఱువు క్రింద రెండవ పంటకు ఎన్ని యెకరములకు నీరు సరిపడునో లెక్క వేసి యిమ్మని పెద్దలడిగిరి. తూము దగ్గఱి నీటి మట్టము చూచి, పూడిక తీసివేసి, ఎండకు ఇగురునది తీసివేసి, 120 ఎకరములని వ్రాసితిని. అది చాలదనిరి. “పూడిక తీసివేయమని నిన్నెవరడిగారయ్యా? చెఱువు చెఱువే గదా” అనిరి. చిన్నవాడను; కాగితము మార్చితిని. పూడిక ఉన్నచోట కాగితము మీద నీరు నిలిపి 200 ఎకరములని వ్రాసి సంతకము పెట్టితిని. వెన్ను తీయు సమయమునకు తూములోనికి బురద వచ్చినది. చివరి మడుల వారివే ఆ యెనుబది యెకరములును. చివరి మడులు ఎవరివై యుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఎవ్వరును నన్ను ఒక మాట యనలేదు. వాన రాలేదనిరి. ఆ కాగితము ఇప్పటికిని నా పెట్టెలో నున్నది.

కావున ఉగాకీని గూర్చి నేను ఎక్కువ మాటలాడజాలను.

రెండవ కథలో లెక్కను ఎవ్వరును దిద్దలేదు. 1964 సెప్టెంబరులో వాషింగ్టనున సిగ్మా–2 అను క్రీడ ఆడిరి. ఆడినవారు సామాన్యులు కారు: అధ్యక్షుని భద్రతా సలహాదారు మెక్‌జార్జి బండీ, వైమానిక దళాధిపతి కర్టిస్ లెమే మొదలగువారు. ఉత్తర వియత్నాము మీద బాంబులు కురిపించినచో వారు లొంగుదురా అనునది ప్రశ్న. లొంగరు, దక్షిణమునకు ఇంకను సేనలను పంపుదురు, అమెరికా తన పదాతి సైన్యమును దింపవలసి వచ్చును అని క్రీడలో తేలినది. ఆఱు నెలలకు, 1965 మార్చిలో, బాంబులు కురియ నారంభించినవి. పదాతి దళము అదే నెలలో దిగినది. యుద్ధము 1975 వఱకు సాగినది. తిక్కనగారి ఉద్యోగపర్వము చదివినవారికి ఇది క్రొత్త కథ కాదు. విదురుడు చెప్పెను, సంజయుడు చెప్పెను, శ్రీకృష్ణుడే వచ్చి చెప్పెను. ధృతరాష్ట్రునకు చెవులు చక్కగానే వినబడినవి.

ఇంతవఱకు చెప్పినది కీడును చూడనొల్లనివారి సంగతి. కీడును తప్ప మఱేమియు చూడనివారి సంగతి అంతకంటె భయంకరము. 1981లో సోవియటు గూఢచారి శాఖ, అమెరికా అకస్మాత్తుగా అణుబాంబులు వేయునేమో యను శంకతో, రియాన్ అను పేర పెద్ద నిఘా నొకటి ప్రారంభించెను. దానికి తోడు ఒక కంప్యూటరు మాదిరి కూడ ఉండెడిది. సుమారు 40,000 అంశములు అందులో వేయుదురు. అమెరికా బలము 100 అని పెట్టుకొని, తమ బలము దానిలో ఎంతయో అది చెప్పును. 60 ఉన్న క్షేమము. 40కి దిగిన ప్రమాదము. 1984 నాటికి అది 45 అని చెప్పుచుండెను. ఆ అంశములు ఎక్కడివి? దేశదేశములలోని గూఢచారులు పంపినవి. లండనులో ప్రభుత్వ కార్యాలయముల కిటికీలలో రాత్రి ఎన్ని దీపములు వెలుగుచున్నవో లెక్కింపుమనిరి. రక్తదాతలకు ఇచ్చు వెల పెరిగినదా చూడుమనిరి. బ్రిటనులో రక్తమునకు వెల ఇయ్యరను మాట అడిగినవారికి తెలియదు. లండనులోనే పని చేసి తరువాత బ్రిటిషువారి పక్షము చేరిన గోర్డియెవ్‌స్కీ చెప్పినదేమనగా, పంపువారికి ఆ వార్తలయందు నమ్మకము లేదు. అడిగినారు గనుక పంపిరి. పై కార్యాలయము తన భయమును ప్రశ్నగా క్రిందికి పంపును. క్రిందివాడు ఆ ప్రశ్ననే జవాబుగా పైకి పంపును. భయమునకు సాక్ష్యము దొఱకినదని పైవాడు మఱింత భయపడును. పద్దులు సరిపోయినవి, మొత్తము సరిగా వచ్చినది, కాని ప్రతి పద్దును భయము వ్రాయించినదే.

అట్టి సమయమున, 1983 నవంబరులో, పశ్చిమ రాజ్యములు ఏబుల్ ఆర్చర్ అను యుద్ధాభ్యాసము జరిపినవి. అణుయుద్ధమునకు ఆజ్ఞలు ఎట్లు పంపవలెనో అభ్యసించు ఆట యది. అది ఆట కాదేమోనని సోవియటు వారు శంకించి, తూర్పు జర్మనీ, పోలెండులలోని కొన్ని విమానములను సన్నద్ధము చేసిరి. ఆ వార్త విన్న అమెరికా అధికారి లెనార్డ్ పెరూట్స్, తమ సేనలను కూడ సన్నద్ధము చేయుమని చెప్పవలసినవాడు, చెప్పక ఊరకుండెను. ఆట ముగిసినది, విమానములు చల్లబడినవి. అమెరికా అధ్యక్షుని సలహా సంఘము 1990లో దీనిపై వ్రాసిన రహస్య నివేదిక 2015లో వెలువడినది. ప్రమాదము ఎంత దగ్గఱకు వచ్చినదను విషయమున చరిత్రకారులు ఇంకను వాదించుకొనుచునే యున్నారు. ముందటి లెక్క జ్ఞప్తి యున్నదా? భయము 30, బరువు 20. పెరూట్స్ ఆ యేటి 30 వేయలేదు. అంతే.

ఇక మన పొలముల దాక వచ్చు లెక్క ఒకటి చెప్పి విరమించెదను. రిచర్డ్‌సన్ వేఱువేఱుగా నడపిన రెండు వ్యాసంగములు, వాతావరణము, యుద్ధము, ఆయన పోయిన తరువాత ఒకే కాగితము మీదికి వచ్చినవి. భారత పాకిస్తానముల నడుమ అణుయుద్ధము వచ్చి, హిరోషిమా ప్రమాణముగల నూఱు బాంబులు నగరముల మీద పడినచో ఏమగునని 2007లో రోబాక్, టూన్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు వాతావరణపు మాదిరితో లెక్క కట్టిరి. నగరములు కాలిన మసి 50 లక్షల టన్నులు పై ఆకాశమునకు పోయి సూర్యుని కప్పునని వారు తీసికొనిన మొదటి పద్దు. దానిపై వచ్చిన ఫలితము: భూమి సగటు వేడిమి సుమారు 1.25 డిగ్రీలు తగ్గి, ఏండ్ల తరబడి కోలుకొనదు. వానలు తగ్గును, ఆసియా ఋతుపవనము కూడ బలహీనపడును. బాంబు పడిన ఊరు ఎక్కడనో. మడి యెండునది ఇక్కడ. దీనికి ఆక్షేపణయు కలదు, దాచరాదు. 2018లో అమెరికాలోని లాస్ అలమోసు శాస్త్రజ్ఞులు ఆ మంటల లెక్కను వేఱుగా వేసి, అంత మసి అంత పైకి పోదనిరి. మొదటివారు మరల జవాబు చెప్పిరి. వివాదము నడుచుచున్నది. ఇరువురును తమ గళ్ళను బయటపెట్టి వాదించుచున్నారు గనుక నాకు ఇరువురియందును గౌరవమే.

ఆ ముసలమ్మ గత మాసమున మరల వచ్చినది. యుద్ధము వచ్చునో రాదో తేదీ పెట్టి చెప్పగల లెక్క లోకములో ఎవ్వరియొద్దను లేదమ్మా, పిడుగువలె నున్నదని మొట్టమొదట లెక్కించినవాడే చెప్పినాడంటిని. భయమెక్కడ పెరుగుచున్నదో, బరువు ఎక్కడ తెలియుచున్నదో మాత్రము చూచుటకు పద్ధతి కలదంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే ఆళ్ళకి కూడా తెలవదన్న మాట” అని, కొడుకు ఫోను చేసినాడనియు, సంక్రాంతికి వచ్చుననియు చెప్పి పోయినది.

వచ్చు ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలకు ఈ గ్రంథాలయపు వరండాలో చింతగింజలతో ఈ బోరుబావుల ఆటను ఆడింప దలచితిని. పదవ తరగతి పిల్లలు నలుగురు ఒప్పుకొనినారు. పై మడుల వారొక పక్షము, చివరి మడుల వారొక పక్షము. గింజల లెక్క పలక మీద అందఱికి కనబడునట్లు వ్రాయుదురు. మధ్యస్థునిగా నన్నుండుమని కార్యదర్శిగారనిరి. నేను వలదంటిని. ఆనాడు చివరి మడి పోగొట్టుకొన్న రైతులలో ఒకరి కుమార్తె ఇప్పుడు మన బడిలో లెక్కల ఉపాధ్యాయిని. పాచికలు ఆమె చేతికి ఇచ్చితిమి.